ప్రభుత్వ జోక్యం వద్దనే వాదాల్లో ఏది ఎక్కడ నిలుస్తుంది?

తలకు పెట్టుకునే హెల్మెట్, పెళ్లికి కొనే బంగారం, సినిమా టికెట్ ధర, సాయంత్రం తాగే మద్యం: రోజువారీ జీవితంలో ప్రభుత్వం ఏదో ఒక కాలంలో వేలు పెట్టని విషయం దొరకడం కష్టం. ఈ జోక్యం మితిమీరిందని భావించేవారు మనలో చాలామందే ఉన్నారు. అయితే ఎందుకు మితిమీరిందో వివరించవలసి వచ్చినప్పుడు ఒకసారి 'ఇది నా ఇష్టం' అంటారు, మరోసారి 'అధికారులకు ఇందులో ఏం తెలుసు' అంటారు, ఇంకోసారి 'ఇదంతా ఎవరి లాభం కోసమో' అంటారు. ఈ మాటల వెనుక వేర్వేరు వాదాలున్నాయి. వ్యక్తి స్వేచ్ఛకే పెద్దపీట వేసి, ప్రభుత్వ పాత్రను వీలైనంత తగ్గించాలనే లిబర్టేరియన్ ఆలోచనలో ఇవన్నీ ఒకే గూటికి చేరినా వాటి పునాదులు వేరు కావడం వల్ల, ఒకటి సులువుగా నెగ్గే చోట మరొకటి పూర్తిగా ఓడిపోతుంది. చర్చా పోటీకో, పోటీ పరీక్షలోని వ్యాసానికో, ఒక స్థానిక ఉత్తర్వుపై ఇచ్చే వినతిపత్రానికో వీటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేనివారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసిన కొలమానాలు

ఏ వాదాన్నయినా ఎంచుకునే ముందు దానికి నాలుగు ప్రశ్నలు వేయాలి. ఈ వాదం ఎక్కడ ఆగుతుందన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే హద్దు చెప్పలేని వాదం దొంగతనాన్ని నిషేధించే చట్టాన్ని కూడా తప్పుపట్టవలసి వస్తుంది. వాస్తవాలతో దీన్ని పరీక్షించవచ్చా అన్నది రెండవది. పరీక్షకు నిలిచే వాదం ప్రత్యర్థిని కూడా ఒప్పించగలదు, పరీక్షకు అతీతమైన వాదం ఇదివరకే నమ్మినవారినే మెప్పిస్తుంది. మూడవది, ప్రభుత్వం తప్పుకుంటే మిగిలే సమస్యకు ఇది ఏ దారి చూపిస్తుంది అన్నది.

నాలుగవ ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు, నా దృష్టిలో మాత్రం మన సమాజంలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. మనిషి జీవితంలో జోక్యం చేసుకునేది ప్రభుత్వం ఒక్కటే కాదు. కుటుంబం, కులం, ఊరి పెద్దలు కూడా చేసుకుంటారు. ఆ జోక్యం గురించి ఈ వాదం ఏం చెబుతుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని స్వేచ్ఛావాదం మన దేశంలో సగం మందికి, అంటే ఇంట్లోనూ ఊళ్లోనూ మాట చెల్లని వారికి, ఎందుకూ పనికిరాదు.

హాని సూత్రం

ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రతిపాదించిన ఈ సూత్రం ప్రకారం, వయసు వచ్చిన వ్యక్తిని అతని ఇష్టానికి వ్యతిరేకంగా నిరోధించడానికి సమాజానికి ఉన్న న్యాయమైన కారణం ఒక్కటే: అతని వల్ల ఇతరులకు జరిగే హానిని ఆపడం. అతని మేలు కోసం అన్నది చాలిన కారణం కాదు. బుద్ధి చెప్పవచ్చు, బతిమాలవచ్చు, బలవంతం మాత్రం చేయకూడదు. హద్దు విషయంలో ఇంత స్పష్టమైన వాదం మరొకటి లేదు. పిల్లలకు ఇది వర్తించదని, కూలిపోయే వంతెన మీదకు తెలియక అడుగు పెట్టబోతున్నవాడిని హెచ్చరించే వ్యవధి లేకపోతే పట్టి ఆపడం స్వేచ్ఛకు భంగం కాదని మిల్ స్వయంగా చెప్పాడు.

ఈ సూత్రాన్ని పరీక్షించడానికి తెలుగు నేల మీద మద్యనిషేధాన్ని మించిన ఉదాహరణ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1994 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలులోకి తెచ్చింది. దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి అక్రమ రవాణా, పడిపోయిన ఖజానా ఆదాయం మధ్య 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది.

ఎవడి డబ్బుతో వాడు తాగితే ప్రభుత్వానికేమిటని పైపైన చదివిన లిబర్టేరియన్ అడుగుతాడు. దూబగుంట స్త్రీలు లేవనెత్తిన విషయం వేరు. కూలి డబ్బు ఇంటికి రావడం లేదు, పిల్లలకు అన్నం లేదు, రాత్రయితే దెబ్బలు. ఇది ఇతరులకు జరిగిన హాని అని చెప్పడానికి ఏ సందేహమూ అక్కర్లేదు. మిల్ జవాబు ఇక్కడ శ్రద్ధగా చదవదగింది. తాగినందుకు ఎవరినీ శిక్షించకూడదు గానీ, తాగి హింసకు పాల్పడి ఒకసారి శిక్ష పడినవాడి మీద ప్రత్యేకంగా చట్టపరమైన ఆంక్ష పెట్టడం న్యాయమేనని, మళ్లీ తాగి తప్పు చేస్తే శిక్ష పెంచవచ్చని అతడు రాశాడు. హాని చేసినవాడిని పట్టుకోవాలి, హాని చేయనివాడిని వదిలేయాలి అన్నదే దాని సారం.

ఆ జవాబు పనిచేయాలంటే మాత్రం కొట్టే భర్తపై ఫిర్యాదు చేసిన స్త్రీకి పోలీసు స్టేషనులో న్యాయం జరగాలి. ఇంట్లో జరిగే హింస నుంచి రక్షణకు ప్రత్యేక చట్టం 2005లో గానీ రాలేదు. పట్టుకోవలసినవాడిని పట్టుకోలేని ప్రభుత్వం దుకాణాన్నే మూయించడం సులువనుకుంది. అందుకే నిషేధాన్ని తప్పుపట్టేవారు ముందుగా ఆ స్త్రీలకు వేరే రక్షణ ఏదో చూపించాలి. చూపించగలిగితే హాని సూత్రం నిలుస్తుంది.

స్వీయ యాజమాన్యం

అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో బలంగా వినిపించిన ఈ వాదంలో ఫలితాల లెక్కలకు పెద్ద చోటు లేదు. నా శరీరానికి, నా శ్రమకు, న్యాయంగా సంపాదించిన నా ఆస్తికి నేనే యజమానిని. బలప్రయోగం, దొంగతనం, మోసం నుంచి కాపాడడం, ఒప్పందాలను అమలు చేయించడం తప్ప ప్రభుత్వానికి మరో పని లేదు. ఒక నియమం వల్ల నాకు మేలు జరుగుతుందని రుజువు చేసినా, నా అనుమతి లేకుండా నాపై దాన్ని రుద్దే హక్కు ఎవరికీ రాదు.

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనదారుడు హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమాన్ని ఈ వాదం నేరుగా తిరస్కరిస్తుంది. తలపాగా ధరించిన సిక్కులకు ఆ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. మనస్సాక్షి కోసం తన తలకు ప్రమాదం తెచ్చుకునే స్వేచ్ఛ ఒకరికి ఉన్నప్పుడు, మిగిలినవారికి ఎందుకు లేదన్నది చక్కటి ప్రశ్నే. అయినా లిబర్టేరియన్లు తమ మొదటి పోరాటంగా హెల్మెట్‌ను ఎంచుకోవడం తెలివైన పని కాదని నేను నమ్ముతాను. ఆ నియమం మనిషి నుంచి అడిగేది చాలా తక్కువ, ప్రమాదం జరిగితే పోయేది చాలా ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రి ఖర్చు అందరి పన్నుల నుంచే వస్తుందన్న మాట కూడా వెంటనే ఎదురవుతుంది. ఆ ఆసుపత్రే ఉండకూడదని బదులిస్తే, వినేవారిలో మిగిలే వారు కొద్దిమందే.

న్యాయస్థానంలో నిలబడేవారికి ఈ వాదం కొంత ఊతమిస్తుంది. 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. శరీరం, వివాహం, కుటుంబం గురించి వ్యక్తి చేసుకునే నిర్ణయాలు ఆ హక్కు కిందికి వస్తాయి. మరుసటి ఏడాది, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై వచ్చిన తీర్పు ఆ దారిలోనే నడిచింది. కానీ ఆస్తి, వ్యాపారం దగ్గరకు వచ్చేసరికి మన రాజ్యాంగం నోజిక్‌కు చాలా దూరంగా ఉంటుంది. 1978 నాటి రాజ్యాంగ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. మద్యం వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

జ్ఞాన పరిమితి

ఆర్థికవేత్త ఫ్రెడ్రిక్ హాయెక్ 1945లో రాసిన ఒక వ్యాసం నుంచి బలం పుంజుకున్న ఈ వాదం ప్రభుత్వ ఉద్దేశాన్ని శంకించదు. ఒక నిర్ణయానికి కావలసిన సమాచారం లక్షల మంది దగ్గర ముక్కలు ముక్కలుగా, చాలాసార్లు మాటల్లో పెట్టలేని రూపంలో ఉంటుందని, ఎంత మంచి అధికారి అయినా దాన్నంతటినీ ఒక చోటికి చేర్చలేడని అంటుంది. ధరలు ఆ సమాచారాన్ని మోసుకుతిరుగుతాయి. ధరను ఆజ్ఞతో బిగిస్తే ఆ సమాచారం అందకుండా పోతుంది.

మన ఇళ్లకు అతి దగ్గరగా వచ్చిన ఉదాహరణ బంగారు నియంత్రణ. 1962 చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకద్రవ్యం కొరతతో ప్రభుత్వం సతమతమవుతోంది. దిగుమతయ్యే, దొంగచాటుగా వచ్చే బంగారానికి గిరాకీ తగ్గించాలని అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 1963 జనవరిలో 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయడాన్ని నిషేధించారు. 22 క్యారెట్ల బంగారంతో తాళిబొట్టు చేయడం నేరమైంది. తరతరాలుగా ఆ పని తప్ప మరొకటి తెలియని స్వర్ణకారుల కుటుంబాలు వీధిన పడ్డాయి, ఆత్మహత్యలు జరిగాయి. తర్వాత ఆ నిబంధనను సడలించినా, 1968 చట్టం బంగారు కడ్డీలు, బిస్కెట్లు ఇంట్లో ఉంచుకోవడాన్ని నిషేధించింది, స్వర్ణకారులు, వ్యాపారులు ఎంత నిల్వ ఉంచుకోవచ్చో నిర్ణయించింది. 1990లో ఆ చట్టం రద్దయ్యేవరకు దొంగబంగారం ఒక పెద్ద పరిశ్రమగా ఎదిగింది.

ఢిల్లీలో కూర్చున్నవారు బంగారాన్ని పనికిరాకుండా పడి ఉన్న లోహంగా చూశారు. పల్లెలో ఉన్న స్త్రీకి తెలిసిన సంగతి వేరు. అప్పట్లో ఆ ఊళ్లో బ్యాంకు లేదు. పొలం మగవారి పేరు మీద ఉండేది. భర్త పోయినా, పంట పోయినా, పుట్టింటివారు ఆదుకోకపోయినా ఆమె చేతిలో మిగిలేది మెడలోని నాలుగు కాసులే. వాటిని ఏ పట్టణంలోనైనా, ఏ రోజైనా, ఎవరి సంతకమూ లేకుండా బియ్యంగా మార్చుకోవచ్చు. 14 క్యారెట్ల నగకు ఆ విలువ ఉండదని ఆమెకు తెలుసు. ఈ జ్ఞానం ఏ మంత్రిత్వ శాఖ గణాంకాల్లోనూ నమోదు కాలేదు. ప్రభుత్వ జోక్యం గురించి ఒకే ఒక్క ఉదాహరణ చెప్పే అవకాశం వస్తే నేను ఎప్పుడూ దీన్నే ఎంచుకుంటాను. మంచి ఉద్దేశం, నిజమైన జాతీయ అవసరం, నిజాయితీపరుడన్న పేరున్న మంత్రి, ఇవన్నీ ఉండి కూడా విధానం ఓడిపోయింది కాబట్టి, మనుషులు చెడ్డవారు గనుక ఓడిపోయిందన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

ఇటీవలి కాలంలో ఇలాంటివే మరో రెండు జరిగాయి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా టికెట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించినప్పుడు, గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అట్టడుగు తరగతి టికెట్ ధర 5 రూపాయలుగా ఉంది. హాలు కరెంటు బిల్లు ఎంతో తెలిసిన ఎవరూ ఆ అంకె వేయరు. 2022 మార్చిలో ధరలను సవరించవలసి వచ్చింది. అంతకుముందు 2010 అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. వేధింపులను ఆపడం న్యాయమే. కానీ వసూళ్లు పూర్తిగా కుప్పకూలడంతో ఆ సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం తగ్గించుకున్నాయి. హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయం ఎక్కడో ఉన్న చిన్న వ్యాపారికి పెట్టుబడి పుట్టకుండా చేసింది.

అన్ని విషయాల్లోనూ ఈ వాదం పనికిరాదు. తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందో వైద్యులకు బాగా తెలుసు, అందులో చెదిరిపోయి ఉన్న స్థానిక జ్ఞానం ఏమీ లేదు. పొగాకు, కల్తీ మందులు, కలుషిత నీరు వంటి విషయాల్లోనూ అంతే. ఇక్కడ హాయెక్‌ను ముందుకు తెచ్చేవారు వాదాన్ని పలుచన చేస్తారు.

పబ్లిక్ ఛాయిస్

అమెరికన్ ఆర్థికవేత్తలు జేమ్స్ బుకానన్, గోర్డన్ టులక్ 1960లలో రూపుదిద్దిన ఈ ఆలోచన ప్రకారం, అంగట్లో స్వార్థపరుడైన మనిషి ప్రభుత్వ కుర్చీలో కూర్చోగానే నిస్వార్థపరుడు కాడు. ఒక నియంత్రణ వల్ల కలిగే లాభం కొద్దిమందికి పెద్ద మొత్తంలో చేరుతుంది, నష్టం మాత్రం కోట్ల మందికి రూపాయి చొప్పున పంచబడుతుంది. ఆ కొద్దిమంది సంఘటితమై నియమాన్ని కాపాడుకుంటారు, మిగిలినవారు గమనించను కూడా గమనించరు.

తెలుగువారికి ఈ వాదం కొత్తది కాదు. పర్మిట్-లైసెన్సు రాజ్యం అన్న రాజాజీ విమర్శను తలకెత్తుకున్న స్వతంత్ర పార్టీకి 1959లో తొలి అధ్యక్షుడు అప్పటి గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా. సహకార ఉమ్మడి సేద్యానికి మొగ్గిన కాంగ్రెస్ నాగపూర్ తీర్మానంతో విభేదించిన రైతు నాయకుడాయన. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన కాలమది. స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు, ఆ వరుసలో ముందుకు జరగడానికి ఎవరి సిఫారసు కావాలో బాగా ఎరుగుదురు.

రాజాజీ విషయంలో పాఠకులు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటుంది. వ్యాపారి మెడ మీద లైసెన్సు వద్దన్న రాజాజీయే మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చారు. పబ్లిక్ ఛాయిస్ వాదం ఆర్థిక నియంత్రణలోని స్వార్థాన్ని బాగా పసిగడుతుంది. మనిషి ఏం తాగాలి, ఎవరిని పెళ్లాడాలి అన్న చోట అది దాదాపు మౌనంగా ఉంటుంది. దాని మీదే ఆధారపడినవారు మార్కెట్‌లో స్వేచ్ఛను, ఇంట్లో క్రమశిక్షణను ఏకకాలంలో కోరుకోగలరు, ఆ రెండింటి మధ్య వైరుధ్యం వారికి కనిపించదు.

నడ్జ్ అనే మధ్యేమార్గం

రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ప్రభుత్వం నిషేధించదు, ఎంపికలను అమర్చే తీరును మాత్రం మారుస్తుంది. పింఛను పథకంలో ఉద్యోగిని ముందే చేర్చి, వద్దనుకుంటే తప్పుకునే వీలు కల్పించడం దీనికి పేరుపడిన ఉదాహరణ. తప్పుకోవడం నిజంగా సులువైతే ఇది బలవంతం కంటే మేలు. ఒక్క సంతకంతో బయటపడగలిగితే అది నడ్జ్. మూడు కార్యాలయాలు తిరగవలసి వస్తే దాన్ని ఆంక్ష అనే పిలవాలి.

| వాదం | ఎక్కడ ఆగుతుంది | వాస్తవాలతో పరీక్ష | బాగా పనికొచ్చే చోటు | ఊరి, కుల జోక్యంపై |
|---|---|---|---|---|
| హాని సూత్రం | ఇతరులకు హాని దగ్గర | కొంతవరకు సాధ్యం | తిండి, తాగుడు, పెళ్లి, నమ్మకం | నేరుగా ఎదిరిస్తుంది |
| స్వీయ యాజమాన్యం | బలప్రయోగం, మోసం దగ్గర | సాధ్యం కాదు | శరీరం, గోప్యత, భూసేకరణ | దెబ్బ కొడితేనే పట్టించుకుంటుంది |
| జ్ఞాన పరిమితి | సమాచారం ఒకచోట దొరికే దగ్గర | బాగా సాధ్యం | ధరలు, పంటలు, వ్యాపారం | మాట్లాడదు, కొన్నిసార్లు సంప్రదాయం వైపు మొగ్గుతుంది |
| పబ్లిక్ ఛాయిస్ | స్పష్టమైన హద్దు లేదు | బాగా సాధ్యం | లైసెన్సులు, పర్మిట్లు, రాయితీలు | మాట్లాడదు |
| నడ్జ్ | తప్పుకునే వీలు పోయిన దగ్గర | బాగా సాధ్యం | పొదుపు, బీమా, ఆరోగ్యం | మాట్లాడదు |

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

ఒక ఉత్తర్వు వల్ల నష్టపోయిన చిన్న వ్యాపారికి, తోపుడుబండి నడిపేవారికి హక్కుల వాదం, అంటే స్వీయ యాజమాన్యం కంటే జ్ఞాన పరిమితి, పబ్లిక్ ఛాయిస్ అనే రెండు వాదాలు ఎక్కువ పనికొస్తాయి. 'నా బండి నా ఇష్టం' అన్న మాట అధికారి చెవికెక్కదు. ఆ ఆంక్ష వల్ల ఎవరికి ఎంత ఖర్చు పెరిగింది, ఎవరికి లాభం చేరింది, నియమం చేసినవారికి తెలియని స్థానిక వాస్తవం ఏమిటి అని అంకెలతో రాసిన వినతిపత్రాన్ని పక్కన పెట్టడం కష్టం. చట్టం మీవైపు ఉంటే దాన్నీ వాడుకోవాలి: వీధి విక్రేతల కోసం 2014లో వచ్చిన చట్టం, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వారిని తొలగించకూడదని చెబుతోంది. వ్యాపారికి రక్షణ ఇచ్చింది ఇక్కడ ఒక చట్టమేనని గమనించాలి.

పోటీ పరీక్షలో వ్యాసం రాసేవారు ఒకే వాదాన్ని చివరిదాకా మోయకపోవడం మంచిది. వ్యక్తిగత ప్రవర్తనకు హాని సూత్రాన్ని, ఆర్థిక నియంత్రణకు జ్ఞాన పరిమితిని వేర్వేరుగా వాడి, రెండింటి మధ్య గీత ఎక్కడుందో చూపించగలిగితే ఆ వ్యాసానికి నిజమైన బరువు వస్తుంది. చర్చా పోటీలో స్వీయ యాజమాన్యం సభను వెంటనే ఆకట్టుకుంటుంది, కానీ ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడానికి పన్ను వేయవచ్చా అన్న మొదటి ప్రశ్నకే ఇరుకున పడేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేనివారు దాని జోలికి వెళ్లకూడదు. అందరికీ ఒకే పరిష్కారం కావాలనుకోని, మెత్తటి మార్పులతో సరిపెట్టుకోగల స్థానిక సంస్థల సభ్యులకు నడ్జ్ చాలు.

ఇక కులాంతర వివాహం చేసుకోదలచిన యువతీయువకులు, ఊరి మాట కాదన్నందుకు నష్టపోతున్న కుటుంబాలు ఉన్నారు. వీరికి ప్రభుత్వం తక్కువగా జోక్యం చేసుకోవాలన్న సలహా క్రూరంగా వినిపిస్తుంది, అలా వినిపించడంలో న్యాయం కూడా ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేయడం, మాట విననివారిని సామాజికంగా వెలివేయడం, బెల్టు షాపులకు వేలంపాట పెట్టడం చాలాసార్లు వార్తలకెక్కాయి. ఈ కమిటీలు ప్రభుత్వం కావు, చాలాసార్లు ఎవరినీ కొట్టవు కూడా. కిరాణా కొట్టు సరుకు అమ్మదు, కూలికి ఎవరూ రారు, పెళ్లికి ఎవరూ పిలవరు. ఎవరితో వ్యవహరించాలన్నది ఎవరికి వారు ఎంచుకునే హక్కు కాబట్టి ఇందులో ఏ హక్కూ ఉల్లంఘన కాలేదని స్వీయ యాజమాన్య వాదం అనవలసి వస్తుంది. జ్ఞాన పరిమితి, పబ్లిక్ ఛాయిస్ వాదాలకు ఇక్కడ చెప్పడానికి ఏమీ ఉండదు.

సమాజపు నిరంకుశత్వం చాలా రకాల రాజకీయ అణచివేత కంటే భయంకరమైనదని, ఎందుకంటే దాని నుంచి తప్పించుకునే దారులు తక్కువని 1859లోనే గుర్తించిన మిల్ వాదం ఒక్కటే ఈ కుటుంబాల పక్షాన నిలబడగలదు. నాలుగవ కొలమానం మీద నేను ఇంత పట్టుబట్టడానికి, ఈ అయిదింటిలో హాని సూత్రాన్నే మొదట ఎంచుకోమనడానికి కారణం ఇదే. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. స్వేచ్ఛను కోరేవారు ఆ జోక్యాన్ని వ్యతిరేకించకూడదు సరికదా, మిగిలిన కులాల్లోని బాధితులకు కూడా అలాంటి రక్షణ కావాలని అడగాలి. అదే నోటితో బంగారం, టికెట్టు, పర్మిటు విషయాల్లో ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గమని కూడా అడగవచ్చు. హాని ఎవరు ఎవరికి చేస్తున్నారన్న ఒకే ప్రశ్న ఈ రెండు డిమాండ్లకూ ఆధారం.